ఎవరి పుస్తకంలో మన లెక్క?

మా అయ్యకి అక్షరం ముక్క రాదు. తన బాకీ ఎంతో కూడా ఆయనకి తెలియదు. అది ఆసామి పుస్తకంలో ఉండేది.

మాది దివిసీమ. యానాదులం. అయ్య పడుచువాడిగా ఉన్నప్పుడు, 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో వాళ్ళ గుడిసె పోయింది, వలలు పోయాయి, తల్లి పోయింది. ఆ తర్వాత ఆయన కొన్నాళ్ళు పాలేరు పని చేశాడు, కొన్నాళ్ళు పొలాల్లో ఎలుకలు పట్టాడు, కాలవల్లో పీతలు పట్టాడు. 1990ల్లో మా వైపు వరి చేలు రొయ్యల చెరువులు అయ్యాయి. అయ్య ఒక చెరువు మీద కాపలాకి కుదిరాడు. కుదిరేటప్పుడు 5,000 రూపాయలు అడ్వాన్సు ఇచ్చారు. ఆ 5,000తో మేమంతా చెరువు గట్టు మీద గుడిసెలోకి మారాం. అయ్య, అమ్మ, నేను, తమ్ముడు. జీతం ఒక్కరికే. పని నలుగురికీ.

ఏడాదికోసారి లెక్క చూసేవారు. గుమాస్తా పుస్తకం తీసి చదివేవాడు. బియ్యం ఇంత, పండగ బట్టలు ఇంత, పిల్లకి జ్వరం వస్తే ఇచ్చింది ఇంత, మేత బస్తా తడిసినందుకు ఇంత. అన్నీ కలిపితే అడ్వాన్సు తరగకపోగా పెరిగేది. అయ్య తలూపేవాడు. ఒక్కోసారి ఆసామి, "ఏరా, ఇంకో రెండు వేలు కావాలా? తీసుకో" అనేవాడు. ఆ రోజు అయ్య ఇంటికి ఎంత సంతోషంగా వచ్చేవాడో నాకు బాగా గుర్తు. "ఆసామికి నా మీద నమ్మకమే" అని అమ్మకి చెప్పేవాడు.

నేను హాస్టల్లో చదువుకున్నాను. అంగలూరు డైట్‌లో టీచరు ట్రైనింగు చేశాను. అవనిగడ్డలో కోచింగు తీసుకుని 2008 డీఎస్సీ రాస్తే, అది సాగి సాగి, 2010 చివర్లో సెకండరీ గ్రేడు టీచరుగా పోస్టింగు వచ్చింది. మా పేటలో మొదటి సర్కారు జీతం నాది. మొదటి రెండు నెలల జీతం తీసుకెళ్ళి అయ్య బాకీ 23,000 కట్టేశాను. గుమాస్తా పుస్తకంలో గీత కొట్టాడు. అయ్య గట్టు దిగి వచ్చాడు.

ఆ తర్వాత రెండేళ్ళకి ఒక శిక్షణ తరగతిలో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం గురించి విన్నాను. 1976లో వచ్చింది. అడ్వాన్సు ఇచ్చి మనిషిని కట్టిపడేసి పని చేయించుకుంటే అది నేరం. ఆ బాకీ చెల్లదు, తీర్చక్కర్లేదు. అంటే అయ్య కట్టాల్సింది ఏమీ లేదు. నేను కట్టిన 23,000 కూడా కట్టక్కర్లేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చదువుకున్న నాకే తెలియనిది అయ్యకి ఎవరు చెబుతారు?

ఇంతవరకూ చెప్పింది మనలో చాలామందికి తెలిసిన కథే. ఇప్పుడు చెప్పబోయేది చెప్పుకోవడానికి నాకు సిగ్గు. అయ్యని గట్టు దింపిన నేను, ఐదేళ్ళు తిరగకముందే ఇంకో గట్టు ఎక్కాను.

2011లో నా పెళ్ళయింది. మా ఆయన కూడా మావాడే. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో వెల్డరు. నాకు ఉయ్యూరు వైపు మండల పరిషత్ బడికి బదిలీ అయ్యాక పటమటలో ఒక గది, వంటిల్లు అద్దెకి తీసుకున్నాం. రోజూ పొద్దున బెంజ్ సర్కిల్ దగ్గర బస్సు ఎక్కడం, సాయంత్రం అక్కడే దిగడం. 2012లో పాప, 2015లో బాబు. 2014లో రాష్ట్రం విడిపోయి, రాజధాని ఈ పక్కకి వచ్చాక అద్దెలు అమాంతం పెరిగాయి. మా 3,000 అద్దె రెండేళ్ళలో 5,500 అయింది.

అప్పు ఒక్కసారిగా రాలేదు. ఒక్కోటీ న్యాయంగానే కనబడింది. అమ్మకి ఆపరేషన్ చేయించాను. తమ్ముడి పెళ్ళి చేశాను. దానికి ఒక పెద్దమనిషి దగ్గర లక్ష రూపాయలు, మూడు రూపాయల వడ్డీకి, ప్రామిసరీ నోటు రాసిచ్చి తెచ్చాను. బాబు కడుపులో ఉన్నప్పుడు లక్ష రూపాయల చిట్టీ ముందే పాడేశాను. చేతికి 70,000 కూడా రాలేదు. మా ఆయన పని కోసం అటూ ఇటూ తిరగాలని ఫైనాన్సులో బండి కొన్నాం. ఉద్యోగం వచ్చాక స్కీము కట్టి కొనుక్కున్న నాలుగు కాసుల బంగారం తాకట్టు పెట్టాం. కిరాణా కొట్లో పద్దు ఎలాగూ ఉంది.

2016 జూలైలో ఒక సాయంత్రం, బస్సు దిగి అటునుంచి అటే బెంజ్ సర్కిల్ దగ్గరున్న బంగారం అప్పుల ఆఫీసుకి వెళ్ళాను. పాప మెడలో గొలుసు నా పర్సులో ఉంది. ఏసీ గది, మెత్తటి కుర్చీ, టై కట్టుకున్న కుర్రాడు. కంప్యూటర్లో చూసి, "మేడమ్, మీ గాజుల మీదే ఇంకా లిమిట్ ఉంది. గొలుసు పెట్టక్కర్లేదు. పది వేల దాకా తీసుకోవచ్చు" అన్నాడు.

నాకు సంతోషం వేసింది. నిజంగా వేసింది. కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాను. ఆ మరుక్షణం అయ్య గుర్తొచ్చాడు. "ఆసామికి నా మీద నమ్మకమే."

డబ్బు తీసుకోకుండా లేచి బయటికి వచ్చాను. చెన్నై నుంచి కలకత్తా పోయే లారీలు ఒక పక్క, బందరు రోడ్డు బస్సులు ఇంకో పక్క. బస్టాపులో కూర్చుని సంచిలోంచి మా నాలుగో తరగతి పిల్లల నోటుపుస్తకం ఒకటి తీశాను. వెనక ఖాళీ పేజీలో, జీవితంలో మొదటిసారి, మా బాకీలన్నీ ఒకచోట రాశాను.

మూడు రూపాయల అప్పు: 1,00,000.
బంగారం మీద, వడ్డీతో కలిపి: 67,000.
బండి: నెలకు 2,400 చొప్పున ఇంకా 14 నెలలు, 33,600.
చిట్టీ: నెలకు సుమారు 4,500 చొప్పున ఇంకా 11 నెలలు, 49,500.
కిరాణా: 7,000.
మొత్తం: 2,57,100.

ఆ అంకె చూసి భయం వేసింది. కానీ భయం కన్నా ముందు ఆశ్చర్యం వేసింది. ఎవరన్నా అడిగితే "ఒక లక్షన్నర ఉంటుందేమో" అని చెప్పేదాన్ని. అయ్యకి చదువు రాక తన బాకీ తెలియదు. నాకు చదువు వచ్చి కూడా తెలియదు. ఎందుకంటే చూడటానికి భయం.

ఇంకో లెక్క వేశాను. మూడు రూపాయల వడ్డీ అంటే నూటికి నెలకు మూడు. లక్షకి నెలకు 3,000. ఏడాదికి 36,000. రెండేళ్ళుగా కడుతున్నాను. 72,000 కట్టాను. లక్ష అలాగే ఉంది. పిల్లలకి లెక్కలు చెప్పే టీచరుని. నెలనెలా వడ్డీ తప్పకుండా కట్టేస్తున్నానని గర్వపడుతున్నాను కూడా.

బండి అప్పు కాగితంలో "14 శాతం" అని ఉంది. అది నయమే కదా అనుకున్నాం. ఆ లెక్క ఎలా వేశారో అప్పుడు చూశాను. తీసుకున్నది 45,000. రెండేళ్ళకి 14 శాతం చొప్పున వడ్డీ 12,600. రెండూ కలిపి 24 భాగాలు చేశారు. నెలకు 2,400. అంటే సగం అప్పు తీరిపోయాక కూడా మొదటి 45,000 మీదే వడ్డీ కడుతున్నాం. తరిగే బాకీ మీద లెక్క కడితే అది ఏడాదికి 25 శాతం దాకా పడుతుంది. మన భాషలో రెండు రూపాయల వడ్డీ దాటింది. పిల్లలూ, ఎక్కడ సంతకం పెట్టేటప్పుడైనా శాతం ఎంత అని మాత్రమే అడగకండి. తరిగే బాకీ మీదా, మొదటి అసలు మీదా అని అడగండి. మొత్తం ఎన్ని నెలలు, మొత్తం ఎంత కడతాను అని రాయించుకోండి.

ఆ రాత్రి మా ఆయన ముందు పుస్తకం పెట్టాను. నా జీతం, 2015 పీఆర్సీ తర్వాత, పెన్షన్ కోత, ఇన్సూరెన్సు కోత పోను చేతికి 27,000. ఆయనది నెల బాగుంటే 9,000. మొత్తం 36,000. అద్దె 5,500. బియ్యం, సరుకులు 7,000. కూరలు, చేపలు 3,000. పాలు 1,500. పాప కాన్వెంటు ఫీజు 1,500. బాబుని చూసుకునే పక్కింటి అక్కకి 1,500. అమ్మకి 2,000. చార్జీలు, పెట్రోలు, కరెంటు, గ్యాసు, ఫోన్లు. అప్పుల వాయిదాలు 9,900. అన్నీ కూడితే సరిగ్గా 36,000. బంగారం మీద వడ్డీ అందులో లేదు, అది అలా పెరుగుతూనే ఉంది. ఇంట్లో ఒకరికి జ్వరం వస్తే కొత్త అప్పే.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బంగారం అమ్మేద్దాం" అన్నాడు.

అదే కష్టమైంది. మా అత్త ఏడ్చింది. "మన జాతిలో మొదటిసారి మెడలో నాలుగు కాసులు వేసుకున్న పిల్లవి. రేపు పెళ్ళిళ్ళలో ఏం పెట్టుకు నిలబడతావు?" అంది. ఆమె బాధ అబద్ధం కాదు. మనల్ని దొంగల జాతి అని రాసిన కాలం ఉంది. నలుగురిలో బంగారంతో నిలబడటం మనకి ఒక జవాబు. కానీ ఆ బంగారం మా మెడలో లేదు. వాళ్ళ బీరువాలో ఉంది. దానికి మేం వడ్డీ కడుతున్నాం.

అమ్మితే 86,000 వచ్చింది. తాకట్టు అప్పు 67,000 పోను 19,000 మిగిలింది. నా జీతం పడే బ్యాంకుకి వెళ్ళి, వ్యక్తిగత అప్పు అడిగాను. ఏడాదికి 13 శాతం, తరిగే బాకీ మీద, 80,000 ఇచ్చారు. ఈ 80,000, ఆ 19,000, జీతంలోంచి ఇంకో వెయ్యి, ఆ నెల వడ్డీ కలిపి మూడు రూపాయల అప్పు తీర్చేసి ప్రామిసరీ నోటు వెనక్కి తీసుకుని చింపేశాను. చూడండి, అంతకుముందు నెలకు 3,000 కడితే లక్ష కదలలేదు. ఇప్పుడు నెలకు 2,700 కడితే 36 నెలల్లో మొత్తం పోతుంది. బ్యాంకు ఆ అప్పు నాకు రెండేళ్ళ ముందే ఇచ్చేది. నేను అడగలేదు. ఆ గాజు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళడానికి నాకు బెరుకు. పెద్దమనిషి ఇంటి అరుగు అలవాటైన చోటు.

బ్యాంకు అప్పు చేతికొచ్చింది 2016 ఆగస్టులో. సరిగ్గా అప్పుడే కృష్ణా పుష్కరాలు. పన్నెండు రోజులు. విజయవాడలో ఏ ఇల్లు చూసినా చుట్టాలే. మా ఒక్క గదిలో పదకొండు మంది పడుకున్నారు. రావద్దని అనలేం, అనకూడదు. పప్పు, చారు పెట్టాం. వెళ్ళేటప్పుడు ఎవరికీ బట్టలు పెట్టలేదు. ఒకరిద్దరు ముఖం ముడుచుకున్నారు. పుష్కరాలు అయ్యాక ఆ గది ఖాళీ చేసి యనమలకుదురులో 4,000 అద్దెకి మారాం.

ఇక మనవాళ్ళ సంగతి. ఇది రాయకుండా ఇంటి బడ్జెట్ గురించి ఏం రాసినా మనకి పనికిరాదు. పుస్తకాల్లో "ఖర్చు తగ్గించుకోండి" అంటారు. మొదటి తరం ఉద్యోగికి సగం ఖర్చు తనది కాదు. నేను చదువుకున్నది అమ్మ పీతలు అమ్మిన డబ్బుతో, తమ్ముడు బడి మానేసి గట్టు మీద నిలబడిన పుణ్యాన. వాళ్ళు అడిగితే లేదనే హక్కు నాకు లేదు. కానీ అడిగినప్పుడల్లా అప్పు చేసి ఇస్తే, చివరికి నేను వాళ్ళకే బరువవుతాను.

మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. పుస్తకంలో ఒక పేజీ "మనవాళ్ళ పద్దు". నెలకు 2,000. అమ్మకి వెయ్యి ముందే వేరు. మిగతా వెయ్యి ఎవరికి అవసరమైతే వాళ్ళకి. అయిపోతే, "ఈ నెల పద్దు అయిపోయింది. వచ్చే నెల ముందు నీదే" అని చెప్పేదాన్ని. అమ్మకి సగమే పంపుతున్నానని నాకు మింగుడు పడలేదు. ఆమె ఏమీ అనలేదు.

తమ్ముడు అన్నాడు. పుష్కరాలు అయిన నెలలోనే వచ్చి 5,000 అడిగాడు. లేదన్నాను. "అక్కా, నువ్వూ ఆసామివి అయిపోయావు" అన్నాడు.

ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. నేను వాడితో వాదించలేదు. పుస్తకం తీసి ముందు పెట్టాను. వాడు ఏడో తరగతి దాకా చదివాడు. వేలు పెట్టి ఒక్కో వరుసా చదివాడు. చాలాసేపటికి తలెత్తి, "అక్కా, నీకన్నా నేనే నయం. నాకు 8,000 అడ్వాన్సే" అన్నాడు. ఇద్దరం నవ్వాం. కానీ వెంటనే అడిగాను. "8,000 అని నీకెలా తెలుసు? రాసుకున్నావా?" రాసుకోలేదు. వాడూ ఒక చెరువు మీదే ఉన్నాడు. అయ్య గట్టు దిగాడు, కొడుకు వేరే గట్టు ఎక్కాడు.

వాడికి ఒక నోటుపుస్తకం ఇచ్చాను. తీసుకున్నది, తేదీ, పని చేసిన రోజులు, ఇచ్చిన బియ్యం, అన్నీ అందులో రాయమన్నాను. ఏడాది తర్వాత లెక్క చూసేటప్పుడు ఆసామి పుస్తకం 14,500 అంది. తమ్ముడి పుస్తకం 8,000 అంది. వాడు తేదీలు చదివాడట. నేను పక్కన నిలబడ్డాను. చట్టం ప్రకారం అసలు ఏదీ చెల్లక్కర్లేదని నాకు తెలుసు. తహశీల్దారు దగ్గరికి వెళ్దామన్నాను. "అక్కా, నువ్వు బస్సెక్కి వెళ్ళిపోతావు. రేపు నేను ఈ ఊళ్ళోనే పని అడగాలి" అన్నాడు. చివరికి 9,000 దగ్గర తెగింది. అది గెలుపని చెప్పను. కానీ మా కుటుంబంలో ఆసామి పుస్తకానికి ఎదురుగా ఇంకో పుస్తకం తెరుచుకోవడం అదే మొదటిసారి. ఏజెన్సీలో ఉన్న మన బిడ్డలకి వడ్డీ వ్యాపారుల మీద 1960 నుంచి ప్రత్యేక రెగ్యులేషన్ ఉంది. మా మైదానం వాళ్ళకి అది వర్తించదు. వెట్టి నిర్మూలన చట్టం మాత్రం అందరికీ ఉంది. టీచర్లు దాన్ని బళ్ళో, పేటలో చదివి వినిపించాలి.

అనుకున్నట్టు అన్నీ జరగలేదు. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాయి. ఆటోనగర్‌లో పనులు నిలిచిపోయాయి. ఆ నెల మా ఆయన తెచ్చింది 3,000. రెండు నెలలు అమ్మకి ఏమీ పంపలేకపోయాను. ఫోన్ చేసి చెబితే సరే అంది. మూడో రోజు అవనిగడ్డ బస్సులో తెలిసినవాళ్ళ చేత మూట పంపింది. ఎండుచేపలు, ఎండు రొయ్యలు. బెంజ్ సర్కిల్ దగ్గర ఆ మూట అందుకుని, బస్టాపులో నిలబడి ఏడ్చాను. ఆ రెండు నెలలు కూరల ఖర్చు సగమైంది. కొత్త అప్పు మాత్రం చేయలేదు.

2017 మేలో చిట్టీ అయిపోయింది. ఆగస్టులో బండి. మిగిలిన డబ్బులో కొంత పోస్టాఫీసులో ఆపద కోసం, కొంత బ్యాంకుకి అదనంగా కట్టాం. 2017 జూన్‌లో పాపని కాన్వెంటు మాన్పించి నా బళ్ళోనే ఒకటో తరగతిలో వేశాను. తోటి టీచర్లు వింతగా చూశారు. నిజం చెబుతున్నా, మొదట ఫీజు మిగులుతుందనే వేశాను. కానీ నా కూతురు కూర్చున్న తరగతిలో నేను చెప్పే పాఠం మారింది. ఆ మార్పు నాకే తెలిసింది, అప్పటిదాకా మిగతా పిల్లలకి ఏం తక్కువ చేశానో కూడా తెలిసింది.

36 నెలల బ్యాంకు అప్పు 27 నెలల్లో, 2018 దసరా సెలవుల్లో తీరింది. ఆ రోజు పెద్ద పండగేమీ చేసుకోలేదు. కిలో పీతలు తెచ్చి వండుకున్నాం.

ఆపద డబ్బు విలువ 2020లో తెలిసింది. మార్చిలో లాక్‌డౌన్. షెడ్డు మూతపడింది. నా జీతంలో కూడా రెండు నెలలు సగం వాయిదా పడింది. పోస్టాఫీసు పుస్తకంలో 38,000 ఉన్నాయి. ఎవరి అరుగూ ఎక్కలేదు.

ఇప్పుడు మన పిల్లలకి అప్పు ఇవ్వడానికి అరుగు కూడా అక్కర్లేదు. ఫోన్ చాలు. గత ఏడాది మా పేట కుర్రాడు ఒక లోన్ యాప్‌లో 4,000 తీసుకున్నాడు. యాప్ పెట్టుకునేటప్పుడు ఫోన్‌లో నంబర్లన్నీ చూడ్డానికి ఒప్పుకున్నాడు. వారం తిరగకుండా వాళ్ళమ్మకి, చెల్లెలికి, పని ఇచ్చిన మేస్త్రీకి బూతు ఫోన్లు. వాడు రెండు రోజులు ఇంటికి రాలేదు. అందరం భయపడ్డాం. దొరికాక పోలీసు స్టేషనుకి తీసుకెళ్ళి ఫిర్యాదు ఇప్పించాం, 1930 నంబరుకి కూడా ఫోన్ చేయించాం. ఇలాంటిది మీకు జరిగితే దాక్కోకండి. అవమానం పొందాల్సింది మీరు కాదు. ముందు ఇంట్లో ఒకరికి చెప్పండి.

కొత్తగా ఉద్యోగం వచ్చిన తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి నేను చెప్పగలిగింది ఇంతే. మొదటి జీతం రోజున ఒక నోటుపుస్తకం కొనండి. మీ బాకీలన్నీ ఒకే పేజీలో రాయండి, ఎంత సిగ్గుగా ఉన్నా. ఎక్కువ వడ్డీది ముందు తీర్చండి. మనవాళ్ళకి ఇచ్చేది ముందే వేరు తీయండి, మిగిలితే ఇద్దామనుకోకండి. పుస్తకం భార్యాభర్తలిద్దరూ చూడాలి. అడిగితే తమ్ముడికీ చూపించగలగాలి.

బెంజ్ సర్కిల్ ఇప్పుడు మారిపోయింది. మీద ఫ్లైఓవర్లు వచ్చాయి, లారీలు పైనుంచి పోతాయి. కింద నేను అదే బస్సు కోసం నిలబడతాను. వారానికి రెండుసార్లు ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, మీకు ఇన్ని లక్షల అప్పు సిద్ధంగా ఉందని. అయ్య ఇప్పుడు లేడు. ఉంటే ఆ మెసేజ్ చదివి వినిపించేదాన్ని. "వాళ్ళకి నీ మీద నమ్మకమే" అనేవాడు కాబోలు.

మా ఇంటి పద్దు ఇప్పుడు పాప రాస్తుంది. పదమూడేళ్ళు. నిన్న రాత్రి నా పేరు పక్కన ఎర్ర పెన్నుతో ఒక గీత పెట్టింది. బడి నుంచి వస్తూ తిన్న పునుగులు, 30 రూపాయలు, రాయడం మర్చిపోయానట.